శనివారం నాలుగు గంటల కుస్తీ

కిందటి సంచికలో షుగరు గురించి రాశాను. అంతకు ముందు సంచికలో రక్తపోటు గురించి. ఈసారి సంపాదకులు ఫోను చేసి, "డాక్టరు గారూ, మీ వ్యాసాలు చదివాక మా ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కింది. ఉగాది సంచికకైనా జబ్బుల ఊసు లేకుండా ఏదైనా రాద్దురూ!" అన్నారు. సరేనన్నాను. తీరా కాగితాలు ముందేసుకుని కూర్చుంటే నాకు రాయాలనిపించింది కుస్తీ గురించి. నవ్వకండి. తాలింఖానాకి పోయిన వంశం కాదు మాది. నేను చెప్పబోయేది ఈ దేశంలో ఒకప్పుడు టీవీలో వచ్చిన కుస్తీ గురించి. అందులో జబ్బుల ఊసు అసలు రాకుండా చూస్తానని మాత్రం మాటివ్వలేను. వృత్తి అలాంటిది.

మీ పక్కింట్లో అరవై దాటిన ఇంగ్లీషువాళ్ళెవరైనా ఉంటే, "శనివారం సాయంత్రం నాలుగింటికి టీవీలో ఏమొచ్చేదండీ?" అని అడిగి చూడండి. వాతావరణం గురించి తప్ప మరో మాట మాట్లాడని మనిషి కూడా గేటు దగ్గర అరగంట నిలబడిపోతాడు.

ఐటీవీలో కుస్తీ పోటీలు చూపించడం 1955 నవంబరులో మొదలైంది. 1965 జనవరిలో 'వరల్డ్ ఆఫ్ స్పోర్ట్' అనే శనివారపు కార్యక్రమం వచ్చాక కుస్తీ అందులో భాగమైంది. మధ్యాహ్నమంతా గుర్రప్పందేలూ అవీ ఇవీ చూపించి, నాలుగు కొట్టేసరికి కుస్తీ పెట్టేవారు. అది అయ్యీ అవగానే ఫుట్‌బాల్ ఫలితాలు. ఇంటాయన పూల్స్ కూపను ముందేసుకుని పెన్సిలు చెక్కుకుంటూ ఉండేవాడు. నాయనమ్మ మాత్రం కుస్తీ అయ్యేదాకా టీవీ ముందు నుంచి కదిలేది కాదు. కెంట్ వాల్టన్ అనే ఆయన మొదటి రోజుల నుంచి 1988లో చివరి ప్రసారం దాకా వ్యాఖ్యానం చెప్పాడు. యూట్యూబులో పాత రీళ్ళు ఇప్పటికీ దొరుకుతాయి, వినండి. గోదాలో ఇద్దరు ఒకరి మెడలు ఒకరు విరుచుకుంటూ ఉంటే ఆయన గొంతు పక్కింటి పెళ్ళి సంగతి చెబుతున్నంత నింపాదిగా ఉంటుంది.

పోటీలు జరిగేవి పెద్ద పెద్ద స్టేడియంలలో కాదు. ఊరి టౌన్‌హాళ్ళలో, సముద్రతీరపు నాటకశాలల్లో, చలికాలంలో ఈతకొలను మీద చెక్కలు పరిచి వాటి మీద. 1947లో మౌంటెవాన్స్ ప్రభువు పేరు మీద నియమావళి ఒకటి తయారైంది. ఈ ప్రభువు అంతకు ముందు కెప్టెన్ స్కాట్‌తో కలిసి దక్షిణ ధ్రువపు యాత్రకు వెళ్ళొచ్చిన నావికాధికారి. ఆ మంచులో తిరిగిన మనిషి కుస్తీ నియమాలకు పేరివ్వడం నాకు భలే వింతగా తోస్తుంది. ఐదేసి నిమిషాల రౌండ్లు, ముందుగా రెండుసార్లు ఎదుటివాణ్ణి పడగొట్టినవాడికి గెలుపు, తప్పు చేస్తే బహిరంగంగా హెచ్చరిక, మూడో హెచ్చరికతో ఇంటికి. ఇంత పద్ధతిగా నడిచే వ్యవహారంలో మంచివాడెవరో చెడ్డవాడెవరో గంట మోగకముందే అందరికీ తెలిసిపోయేది. మంచివాణ్ణి వాళ్ళ పరిభాషలో 'బ్లూ ఐ' అనేవారు, అంటే నీలికళ్ళవాడు. కళ్ళు ఏ రంగువైనా సరే!

దుష్టుల్లో మిక్ మెక్‌మానస్ది పెద్ద పేరు. నల్లటి జుట్టు, పొట్టి మెడ. రిఫరీ అటు తిరగ్గానే ఇటు దొంగదెబ్బ. కానీ తన చెవులు ఎవరైనా ముట్టుకుంటే మాత్రం గోల పెట్టేవాడు. మల్లుల చెవులు పకోడీల్లా ముడుచుకుపోవడం మీరు చూసే ఉంటారు. దెబ్బకి చెవి మెత్తటి ఎముకకీ దాని పైపొరకీ మధ్య రక్తం చేరుతుంది, పోషణ అందక ఆ ఎముక చచ్చి ముడతలు పడుతుంది. (చూశారా, జబ్బు వచ్చేసింది.) ఆయన 2013లో తొంభై మూడేళ్ళు నిండి పోయాడు. కెండో నాగసాకి అనే మల్లుడు ముసుగు వేసుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కుస్తీ పట్టేవాడు. 1977లో ఊల్వర్‌హాంప్టన్ హాల్లో పెద్ద తతంగం పెట్టి తనంతట తానే ముసుగు తీశాడు. టైగర్ దలీబార్ సింగ్ అనే సిక్కు మల్లుడు కూడా ఆ తెర మీద కనబడేవాడు.

అందరిలోకీ పిల్లలకి ప్రాణం బిగ్ డాడీ. హాలిఫాక్స్ మనిషి. అసలు పేరు షర్లీ క్రాబ్‌ట్రీ. షర్లీ అంటే ఆడపిల్లల పేరు. ఆ పేరుతో బళ్ళో ఎన్ని దెబ్బలాటలు పడ్డాడో మీరే ఊహించుకోండి. మొదట్లో ఆయన వేసుకున్న దుస్తులు వాళ్ళావిడ సోఫా గుడ్డతో కుట్టిందట. ఆయన బొజ్జ ఊపుకుంటూ గోదాలోకి దిగితే హాలంతా "ఈజీ! ఈజీ!" అని ఊగిపోయేది. ఆయనకి ఎదురు జయంట్ హేస్టాక్స్, అసలు పేరు మార్టిన్ రువాన్. ఆరడుగుల పదకొండంగుళాల ఎత్తు, నలభై స్టోన్లకు పైన బరువు. మన లెక్కలో రెండున్నర క్వింటాళ్ళ ధాన్యం అనుకోండి. 1981లో వెంబ్లీలో వీళ్ళిద్దరికీ జరిగిన పోరు కోసం జనం విరగబడ్డారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు అది పూర్తవడానికి.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు, 1973లో ఈ దేశం వచ్చిన సర్జను. ఈ కుస్తీ మాటెత్తగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "శనివారం డ్యూటీలో ఉంటే డాక్టర్ల మెస్సులో టీవీ ముందు చోటు దొరికేది కాదయ్యా. పోర్టరూ కన్సల్టెంటూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. నేను నేర్చుకున్న ఇంగ్లీషుకీ లాంకషైర్ ఇంగ్లీషుకీ పొత్తు కుదరక మూగవాడిలా తిరుగుతున్న రోజులు. సోమవారం రౌండ్సులో శనివారం కుస్తీ గురించి ఒక్క ముక్క అంటే చాలు, వార్డు వార్డంతా నాతో మాట కలిపేది" అన్నారు.

ఇక నా సంగతి. 1988 డిసెంబరులో ఈ ప్రసారం ఆగిపోయింది. ఐటీవీలో క్రీడల విభాగం చూసే గ్రెగ్ డైక్, ఇది పాతకాలపు వ్యవహారమని ఆపేశాడు. అప్పటికి నేను గుంటూరు జిల్లాలో ఉయ్యాల్లో ఉన్నాను. మరి నాకెలా తెలిసిందంటారా? 2023 చలికాలంలో ఒక పేషెంటు చెప్పింది.

పేరు చెప్పను, ఆనవాళ్ళు కూడా కాస్త మార్చే రాస్తున్నాను. నేను పనిచేసేది వృద్ధుల వార్డులో. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. నూలు మిల్లులో పనిచేసిన మనిషి. తుంటి ఎముక విరిగి వచ్చింది, దానికి తోడు మతిమరుపు జబ్బు. వారమంతా పిల్లిలా పడుకునేది. శనివారం సాయంత్రం మాత్రం మంచం దిగి పోతానని పెనుగులాట. విరిగిన తుంటితో దిగితే ఇంకేమన్నా ఉందా? నొప్పా, మూత్రం నిలిచిందా, మలబద్ధకమా, ఇన్‌ఫెక్షనా అని వరసగా అన్నీ చూశాను. ఏమీ లేదు. పొద్దుగూకేవేళ ఇలాంటి వాళ్ళకి గాభరా ఎక్కువవడం మామూలే గనుక నిద్రమాత్ర రాద్దామా అని కలం తీశాను. అప్పుడే వచ్చిన కూతురు గోడ గడియారం చూసి, "నాలుగైంది కదా డాక్టర్, అమ్మకి కుస్తీ టైము" అంది.

మాత్ర రాయలేదు. వార్డులో ఉన్న టాబ్లెట్ మీద యూట్యూబులో పాత కుస్తీ ఒకటి వెతికి పెట్టాను. మెక్‌మానస్ దిగాడు. అంతే! ఆవిడ లేచి కూర్చుని పిడికిలి బిగించి తిట్టిన తిట్లు ఈ పత్రికలో అచ్చు వేయడానికి లేదు. పక్క మంచం ఆవిడ కూడా అందుకుంది. కూతురు నవ్వుతూ చెప్పింది. ఒకసారి ఈతకొలను మీద కుస్తీ జరుగుతుంటే, దొంగదెబ్బ కొట్టాడని తల్లి ముందుకి పరిగెత్తి దుష్టుడి వీపు మీద గొడుగు విరగ్గొట్టిందట. మర్నాడు పొద్దున బస్టాపులో అదే మనిషి టోపీ తీసి, "అమ్మా, గొడుగు బాగు చేయించుకున్నారా?" అని అడిగాడట.

కుస్తీ అయిపోయాక ఆవిడ ప్రశాంతంగా వెనక్కి వాలింది. నాకు నోరూరుకోక, "ఇదంతా ముందే అనుకుని ఆడే నాటకమని అప్పట్లో మీకు తెలుసా?" అని అడిగాను. నా వంక తేటగా చూసింది. "తెలుసు నాయనా. అందరికీ తెలుసు. పైకి అనేవాళ్ళం కాదు, అంతే" అంది. మరు నిమిషంలో నేనెవరో మరిచిపోయింది.

ఆ మాట నన్ను ఆ రాత్రంతా వదల్లేదు. ఎందుకో చెప్పాలంటే మా నాన్నగారి గురించి చెప్పాలి.

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా తరం పిల్లలకి డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కార్డులంటే పిచ్చి అని మీ పిల్లల్నడిగితే కాదు, మీ తమ్ముళ్ళనడిగితే చెబుతారు. మల్లుడి బొమ్మ, ఎత్తు, బరువు, ఛాతీ కొలత, గెలిచిన పోటీల సంఖ్య ఉండేవి. క్లాసులో ఆ కార్డులాడుతూ దొరికినవాళ్ళ దగ్గర నాన్నగారు లాక్కునేవారు. లాక్కున్నవి ఇంటికి తెచ్చి అల్మరాలో పడేసేవారు. అలా ఊళ్ళో అందరికంటే ఎక్కువ కార్డులున్నది నాకే. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మేమంతా గట్టిగా నమ్మిన రోజులవి.

2002లో టెన్ స్పోర్ట్స్ ఛానెల్ వచ్చింది. ఆ యేడే కంపెనీ పేరు డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అని మారినా మా ఇంట్లో పాత పేరే. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారూ నేనూ చాప మీద కూర్చుని చూసేవాళ్ళం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పిన కోడి రామ్మూర్తి నాయుడు కథలూ, దారాసింగ్ కథలూ మధ్యలో వచ్చేవి. మామూలుగా నవ్వని మనిషి తొడ చరిచేవారు. అమ్మ వంటింట్లోంచి, "లెక్కల మాస్టారికి ఇదేం వాలకం!" అని దెప్పేది.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి కూర్చుని, ఇదంతా అబద్ధమనీ, ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారనీ చదివాను. దేవుడు లేడని కనిపెట్టినవాడిలా ఇంటికి పరిగెత్తుకొచ్చాను. ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నారు. వాళ్ళ ముందే, "నాన్నగారూ, మీరు చూసేదంతా మోసం. వాళ్ళు నిజంగా కొట్టుకోరు" అన్నాను. ఆ గొంతులో వెటకారం ఉంది, ఇప్పటికీ నాకు వినబడుతుంది.

ఆయన కోప్పడలేదు. "ఒరేయ్, తిరునాళ్ళలో కృష్ణ రాయబారం నాటకం వేస్తారు. రాయబారం ఫలించదని ఎవడికి తెలీదు? అయినా తెల్లవార్లూ కూర్చుని వన్స్‌మోర్ కొడతాం. దుర్యోధనుడి వేషగాడు తెల్లారి మా అరుగు మీదే బీడీ కాలుస్తూ టీ తాగేవాడు. ఆ మాత్రం మాకు తెలీదనుకున్నావా?" అన్నారు. అని, మళ్ళీ టీవీ వైపు తిరిగారు. చుట్టాలు నవ్వారు. నేను ఓడిపోయానని నాకు అర్థమైంది గాని, దేనిలో ఓడిపోయానో అర్థం కాలేదు.

మల్లుల భాషలో 'కేఫేబ్' అని ఒక మాట ఉంది. గోదాలో ఆడే అబద్ధాన్ని గోదా బయట కూడా కాపాడుకోవడం అని దాని అర్థం. శత్రువులుగా కనిపించే ఇద్దరు జనం చూస్తుండగా ఒకే కారులో దిగరు, ఒకే బల్ల దగ్గర భోంచేయరు. కానీ అసలు విషయమేమిటంటే, గోదాలో వాళ్ళు ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెడతారు. ఎత్తి పడేసేవాడు పడేవాడి మెడ కాపాడాలి. పడేవాడు ఎత్తేవాణ్ణి నమ్మి ఒళ్ళు వదిలెయ్యాలి. గెలుపు అబద్ధం కావచ్చు గాని నేల నేలే. నడుములు అరిగేది నిజంగానే.

ప్రాణాలు కూడా నిజంగానే పోతాయి. 1987 ఆగస్టులో గ్రేట్ యార్మత్ అనే సముద్రతీరపు ఊళ్ళో, బిగ్ డాడీ ఆఖరి పట్టుగా బొజ్జతో మీద పడ్డాక, కింద ఉన్న మాల్ కర్క్ అనే మల్లుడు లేవలేదు. నటన అనుకున్నారు. కాదు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. ఆయనకి అంతకు ముందే గుండెజబ్బు బాగా ముదిరి ఉందని విచారణలో తేలింది, బిగ్ డాడీ తప్పేమీ లేదన్నారు. కానీ ఆ పెద్దాయన మనసు మళ్ళీ మునుపటిలా కుదుటపడలేదంటారు. వైద్యుడిగా నన్ను పట్టుకున్న సంగతి ఒక్కటే. వేలమంది చూస్తుండగా ఆ గుండె లోపల ఏముందో చూసినవాళ్ళు లేరు. ఆట సాగాలి గదా!

2021 ఫిబ్రవరిలో నాన్నగారికి కామెర్లు వచ్చాయి. గుంటూరులో స్కాను తీశారు. రిపోర్టు మా బావగారు వాట్సాపులో పంపి, "మీరే చూడండి బావా" అన్నారు. క్లోమగ్రంథిలో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది. చూడగానే నెలల లెక్క తెలిసిపోయింది. ఇక్కడ నేను జూనియర్ డాక్టర్లకి పాఠం చెబుతాను. పేషెంటుకి నిజం చెప్పాలి, ఎదురుగా కూర్చుని చెప్పాలి, కుటుంబం వద్దన్నా సరే ఆ నిజం పేషెంటుదే అని. అదే నేను ఆ రోజు అక్కతోనూ బావతోనూ ఫోనులో మాట్లాడి, నాన్నగారికి చెప్పొద్దని నిర్ణయించాను. పిత్తనాళంలో గొట్టం వేశారు. "రాయి అడ్డుపడింది నాన్నగారూ, ఇక కామెర్లు తగ్గిపోతాయి" అన్నాను. కామెర్లు నిజంగానే తగ్గాయి. అందుకే ఆ అబద్ధం అంత బాగా నిలబడింది.

"భయపడాల్సిందేం లేదుగా?" అని ఒకే ఒక్కసారి అడిగారు.

"ఏం లేదు."

"నువ్వు చెప్పావంటే చాల్లే."

మా ఫోను వేళ శనివారం నాలుగు గంటలు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, గడియారాలు మారాక ఎనిమిదిన్నర. ఫోను తెర మీద ఆయన ఇస్త్రీ చొక్కాతో, తల దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కనబడేవారు. "బ్రహ్మాండంగా ఉన్నాన్రా" అనేవారు. నేను, "రంగు తేలారు నాన్నగారూ" అనేవాణ్ణి. పావుగంట అలా ఆడుకునేవాళ్ళం.

ఏప్రిల్లో అక్కడ కోవిడ్ రెండో ఉప్పెన వచ్చింది. ఏప్రిల్ 23 నుంచి ఈ దేశం ఇండియాని ఎర్ర జాబితాలో పెట్టింది. వెళ్తే తిరిగొచ్చాక పది రోజులు హోటల్లో ఉండాలి. అది పెద్ద అడ్డు కాదు, ఒప్పుకుంటాను. అసలు అడ్డు నా అబద్ధమే. రాళ్ళ జబ్బుకి కొడుకు ఇంగ్లండు నుంచి, ఆ గాలిలో, పరిగెత్తుకొస్తాడా? నేను గుమ్మంలో నిలబడితే చాలు, ఆయనకి అంతా తెలిసిపోతుంది. ఎలా వెళ్ళను? "రావాలని ఉంది నాన్నగారూ" అని నేనంటే, "ఈ రాళ్ళకోసం ఎందుకురా, చలికాలం రా" అని ఆయన. మే రెండో వారంలో పోయారు. దహనం ఫోనులో చూశాను. మీలో చాలామంది ఆ యేడు అలాగే చూశారు, వర్ణించి చెప్పక్కర్లేదు.

మరుసటి యేడు ఆబ్దికానికి వెళ్ళాను. అల్మరా సర్దుతుంటే నా పాత కార్డుల కట్ట కింద స్కాను రిపోర్టు కవరు కనబడింది. అది అక్క దగ్గర ఉందనుకున్నాను. తీసి చూస్తే ఇంగ్లీషు మాటల కింద ఎర్రసిరాతో గీతలున్నాయి. పరీక్ష పేపర్లు దిద్దినట్టు, ఒక మాట పక్కన డిక్షనరీ అర్థం ఆయన దస్తూరీలో ఉంది.

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "మొదటి వారంలోనే చదివేశారు నాన్నా. 'నాకు తెలిసిందని వాడితో అనకు. పాపం, కష్టపడి చెబుతున్నాడు' అన్నారు. శనివారం తప్ప చొక్కా వేసుకునే ఓపిక కూడా ఉండేది కాదు. నేనూ అక్కా చెరో పక్కా పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళం. ఫోను కట్టేయగానే పడుకోబెట్టేవాళ్ళం" అంది.

ఆ రోజు నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అమ్మ మీద, అక్క మీద, ఆయన మీద. నన్ను మోసం చేశారనిపించింది. ఎవరు ఎవర్ని మోసం చేశారో ఆలోచించే స్థిమితం లేదు. తిరిగొచ్చాక కూడా ఆ కోపం పోలేదు. ఏడాది పైన గడిచాక ఆ మిల్లు ముసలమ్మ, "అందరికీ తెలుసు, పైకి అనేవాళ్ళం కాదు" అన్నప్పుడు గాని నాకు తెలిసి రాలేదు. మా పావుగంటలో ఆయన నా మెడ కాపాడారు, నేను ఆయన మెడ కాపాడుతున్నాననుకున్నాను. రాయబారం ఫలించదని తెలిసే ఇద్దరం కూర్చున్నాం. అందులో ప్రేమ ఉంది. దాన్ని అబద్ధమనడానికి ఇప్పుడు నాకు నోరు రాదు.

కానీ ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ముగుస్తుంది, అది న్యాయం కాదు. దానికి మేం చెల్లించిన ధర ఉంది. ఆయన, "ఒక్కసారి వచ్చి చూసిపోరా" అని అడగలేకపోయారు, అడిగితే తనకు తెలిసిందని బయటపడుతుంది గనుక. నేను వెళ్ళలేకపోయాను, వెళితే నాకు తెలిసింది బయటపడుతుంది గనుక. ఇద్దరం ఆటని కాపాడుతూ, ఆట దేనికోసమో దాన్ని పోగొట్టుకున్నాం. మల్లులు గోదాలో శత్రువులే గాని, దిగే ముందు లోపలి గదిలో కూర్చుని, "నా ఎడమ భుజం బాగాలేదు, అటు పట్టకు" అని చెప్పుకుంటారు. మాకు ఆ లోపలి గది లేకుండా పోయింది. ఒక్క శనివారం, ఒక్క పావుగంట, కెమెరా ముందు కాకుండా మాట్లాడుకుని ఉంటే ఆ తర్వాత ఎన్ని వారాలైనా ఇస్త్రీ చొక్కాలతో ఆడుకునేవాళ్ళమేమో.

మన ఇళ్ళల్లో అందరం శనాదివారాలు ఈ కుస్తీ పడుతున్నవాళ్ళమే. అక్కణ్ణుంచి, "మాకేం, శుభ్రంగా ఉన్నాం." ఇక్కణ్ణుంచి, "మాకేం, బ్రహ్మాండంగా ఉన్నాం." ఉద్యోగం పోయిన సంగతి వాళ్ళకి చెప్పం. కాలు జారి పడిన సంగతి వాళ్ళు మనకి చెప్పరు. తప్పని నేననను. అంత దూరంలో ఉన్నవాళ్ళకి అదొక మర్యాద. ఆట ఆడండి. కానీ ఏడాదికి ఒక్కసారైనా లోపలి గదిలోకి వెళ్ళండి. "నాన్నా, నీకు పెద్ద జబ్బేదైనా వస్తే నీతో చెప్పమంటావా, వద్దంటావా? నన్ను రమ్మంటావా?" అని వాళ్ళు ఆరోగ్యంగా ఉండగానే అడిగి పెట్టుకోండి. జబ్బు వచ్చాక అడగడం నా వల్లే కాలేదు, మీ వల్ల ఏమవుతుంది? ఇది మాత్రం డాక్టరుగా చెబుతున్న మాట, షుగరు వ్యాసంతో పాటు దాచుకోండి.

బిగ్ డాడీ 1997 డిసెంబరులో హాలిఫాక్స్‌లోనే పక్షవాతంతో పోయాడు. దాదాపు ఏడాదికి, 1998 నవంబరు ఆఖరున, యాభై దాటీ దాటకుండానే హేస్టాక్స్ కాన్సరుతో పోయాడు. మా ముసలమ్మని నర్సింగ్‌హోముకి పంపిస్తూ, ఉత్తరంలో మందుల జాబితా కింద ఒక వాక్యం చేర్చాను. శనివారం నాలుగింటికి కుస్తీ చూపించవలసింది అని. నా కన్సల్టెంటు చూసి నవ్వి సంతకం పెట్టాడు.

ఇప్పుడు శనివారం నాలుగింటికి అమ్మకి చేస్తాను. "ఎలా ఉన్నావమ్మా?" అంటే, "నాకేం నాన్నా, రాయిలా ఉన్నాను" అంటుంది. నేను ఫోను పెట్టేయను. "సరేలే, ఇప్పుడు నిజం చెప్పు" అంటాను. కాసేపు ఊరుకుంటుంది. కిందటి వారం అలా ఊరుకుని, "మంగళవారం నుంచి మోకాలు వాచిందిరా, మెట్లెక్కలేకపోతున్నా" అంది. వచ్చే నెల పన్నెండుకి టికెట్టు తీసుకున్నాను. మోకాలికోసం ఎందుకురా అని తిడుతోంది.